వెనక ఇరుసులో వెంట్రుకవాసి లెక్క



పాత జీపులున్నవాళ్ళకు బాగా తెలిసిన కూత ఒకటుంది. బండి యాభై కిలోమీటర్ల వేగం అందుకుంటుండగా వెనక సీటు కింద నుంచి సన్నగా మొదలవుతుంది. యాక్సిలరేటర్ నొక్కితే పెరుగుతుంది, కాలు తీస్తే ఆగుతుంది. మొదట్లో టైరు చప్పుడేమో అనుకుంటారు. కొన్నాళ్ళకు పక్కన కూర్చున్నవాళ్ళ మాట కూడా వినపడదు. మెకానిక్‌కి చూపిస్తే ఓ ఫర్లాంగు నడిపి, "క్రౌన్ పినియన్ పోయిందండీ, హౌసింగ్ విప్పాలి" అంటాడు.

ఇరుసు మధ్య గేర్లుండే ఆ పెట్టెను, అంటే హౌసింగ్‌ను విప్పి, లోపలి పళ్ళచక్రాలు మార్చే పని ఇంటి దగ్గర చేసుకోవచ్చా? ఈ పూట మన విషయం అదే. అమెరికాలో జీపుల మీద మోజున్నవాళ్ళు ఈ పనిని ఇంటి గ్యారేజీల్లోనే ఎన్నో ఏళ్ళుగా చేసుకుంటున్నారు. మన దగ్గరా పాత జీపులు, అంబాసిడర్లు కొని బాగుచేసుకునేవాళ్ళున్నారు. ఇంజను విప్పినవాళ్ళు, గేరుబాక్సు దించినవాళ్ళు కూడా వెనక ఇరుసు దగ్గరికి వచ్చేసరికి వెనకాడతారు. భయపడాల్సిన పని కాదిది. అయితే తేలిగ్గా తీసుకోవలసిందీ కాదు. బోల్టులు విప్పడం వచ్చినంత మాత్రాన చాలదు, కొలవడం రావాలి. ఇక్కడ సుత్తి వాటా తక్కువ, కొలత వాటా ఎక్కువ.

ముందు ఈ సామగ్రి బండికి ఎందుకు అవసరమైందో చూద్దాం. ఎడ్లబండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోతుంది, లోపలి చక్రం తక్కువ దూరం పోతుంది. అయినా దానికి ఏ ఇబ్బందీ లేదు. ఇరుసు కదలకుండా ఉంటుంది, చక్రాలు దాని మీద దేనికది తిరుగుతాయి. బండిని లాగేది ఎడ్లు కాబట్టి చక్రాన్ని తిప్పే పని ఇరుసుకు లేదు. మోటారు బండిలో కథ వేరు. ఇంజను శక్తి ఇరుసు గుండానే చక్రాలకు చేరాలి. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించేస్తే మలుపులో ఏదో ఒకటి నేలమీద ఈడ్చుకుపోతుంది. రెండింటికీ శక్తి అందాలి, రెండూ వేర్వేరు వేగాలతో తిరగాలి. ఈ చిక్కును విప్పే గేర్ల అమరికే డిఫరెన్షియల్. దానికి ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెక్యూర్ 1827లో పేటెంటు తీసుకున్నాడు. అది ఆవిరి బండి కోసం. ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ 1877లో దాన్ని మూడు చక్రాల సైకిలుకు పెట్టాడు. మోటారు కారు పుట్టేనాటికి డిఫరెన్షియల్ సిద్ధంగానే ఉంది.

హౌసింగ్‌లో రెండు రకాల గేర్లుంటాయి. మలుపులో చక్రాల వేగాలను పంచేవి చిన్నవి. మన మెకానిక్‌లు వాటిని స్టార్ పినియన్లు, సన్ గేర్లు అంటారు. ఇంజను వైపు నుంచి వచ్చే తిప్పుడును తొంభై డిగ్రీలు మళ్ళించి చక్రాల వైపు పంపేవి పెద్దవి. వాటిలో పళ్ళెంలా వెడల్పుగా ఉండేది క్రౌన్, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్. కూత పెట్టేదీ, మార్చడానికి కష్టపెట్టేదీ ఈ జంటే.

అన్ని కార్లకూ వెనకవైపు ఈ గోల ఉండదు. మారుతి 800 మొదలుకొని ఈనాటి చిన్న కార్లలో చాలావాటికి ఇంజను తిప్పేది ముందు చక్రాలనే. వాటి డిఫరెన్షియల్ గేరుబాక్సులోనే ఇమిడి ఉంటుంది. వెనక ఇరుసులో క్రౌన్ పినియన్ ఉన్నవి అంబాసిడర్, జీపు, ఆమ్నీ, సుమో, బొలేరో, ఇన్నోవా క్రిస్టా లాంటివి. ఇంటి దగ్గర పనికి వీటిలో నేను ఉదాహరణగా తీసుకునేది పాత జీపు. అమెరికాలో టొలీడో నగరపు విల్లీస్ కంపెనీ తయారుచేసిన సీజే-3బీ జీపును మహీంద్రా వాళ్ళు లైసెన్సు మీద మన దేశంలో దశాబ్దాల పాటు తయారుచేశారు. విల్లీస్ జీపు వెనక ఉండేది స్పైసర్ 44 రకం ఇరుసు. ఆ తర్వాత డానా 44 పేరుతో ప్రసిద్ధమైంది. దాని మీద అనుభవమూ సమాచారమూ కావలసినంత దొరుకుతాయి.

ఆ జీపులో క్రౌన్‌కు 43 పళ్ళు, పినియన్‌కు 8 పళ్ళు. నలభై మూడును ఎనిమిదితో భాగిస్తే 5.38 వస్తుంది. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే పినియన్ ఐదు చుట్ల పైన తిరగాలి. కొండ ఎక్కడానికీ, బురదలో దిగబడ్డ బండిని లాగడానికీ అది బ్రహ్మాండం. హైవే మీద మాత్రం ఇంజను ప్రాణం తోడేస్తుంది. లెక్క వేసి చూడండి. జీపు టైరు ఎత్తు 28 అంగుళాలు అనుకుంటే, గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి దాదాపు 450 చుట్లు తిరుగుతుంది. టాప్ గేరులో ఇంజను 2,400 చుట్లు తిరగాలి. అదే 41 పళ్ళ క్రౌన్, 10 పళ్ళ పినియన్ వేస్తే, అంటే 4.10 నిష్పత్తికి మారితే, ఇంజనుకు 1,840 చుట్లు చాలు. అందుకే అరిగిపోకపోయినా నిష్పత్తి మార్చడానికే ఈ పనికి దిగేవాళ్ళున్నారు. ఒక్క జాగ్రత్త. నాలుగు చక్రాలకూ డ్రైవు ఉన్న బండిలో వెనక నిష్పత్తి మారిస్తే ముందు ఇరుసుదీ మార్చి తీరాలి. లేకపోతే ఫోర్ వీల్ వేయగానే ముందు, వెనక చక్రాలు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి విరుగుతుంది.

నలభై మూడు, ఎనిమిది. నలభై ఒకటి, పది. ఇవేం లెక్కలు, నలభై, పది అని సాఫీగా పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. అలా పెడితే పినియన్ మీది ఒక పన్ను ఎప్పుడూ క్రౌన్ మీది అవే నాలుగు పళ్ళను తగులుతుంది. ఒక పంటి మీద చిన్న గీత ఉన్నా ఆ నాలుగింటినే తినేస్తుంది. 43, 8లకు ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు. కాబట్టి పినియన్ మీది ఒక పన్ను క్రౌన్ మీది మిగతా నలభై రెండింటినీ చుట్టి వచ్చాకే మళ్ళీ మొదటి పంటిని తగులుతుంది. అరుగుదల అన్నిటికీ సమానంగా పంచబడుతుంది.

ఈ జంట గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలోనే ఒకదానితో ఒకటి నూరుకుని బయటికి వస్తాయి. తిరగలికి పై రాయి ఒక ఇంటిది, కింది రాయి మరో ఇంటిది పెడితే పిండి ఎలా వస్తుందో, ఒక సెట్టులోని క్రౌన్‌కు మరో సెట్టులోని పినియన్ పెట్టినా అలాగే ఉంటుంది. పాత సామాన్ల కొట్లో క్రౌన్ ఒక్కటే చవగ్గా దొరికిందని కొనకండి. రెండింటి మీదా ఒకే నంబరు చెక్కి ఉండాలి. అది చూశాకే డబ్బు ఇవ్వండి.

పళ్ళ ఆకారం కూడా మామూలుది కాదు. పినియన్ క్రౌన్ మధ్యగీత మీద ఉండదు, కాస్త కిందికి జరిగి ఉంటుంది. దీన్ని హైపాయిడ్ గేరు అంటారు. దీనివల్ల గేరుబాక్సు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కిందికి దిగుతుంది, కారు నేల ఎత్తు తగ్గుతుంది, పళ్ళకు బలమూ పెరుగుతుంది. ఇలాంటి గేర్లు కోసే యంత్రాలకు పేరు పొందింది న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ నగరపు గ్లీసన్ కంపెనీ. దాని వ్యవస్థాపకుడి కూతురు కేట్ గ్లీసన్ 1884లో కార్నెల్ యూనివర్సిటీలో ఇంజనీరింగు చదువులో చేరింది. తండ్రి యంత్రాలను ఊరూరా అమ్మి ఆ కంపెనీని నిలబెట్టింది. 1914లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘంలో పూర్తి సభ్యత్వం పొందిన తొలి స్త్రీ ఆవిడే. ఆ కంపెనీ రూపొందించిన హైపాయిడ్ గేర్లు 1926లో ప్యాకార్డ్ కార్లలో మొదట వచ్చాయి. హైపాయిడ్ పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, పొడవునా జారుతాయి కూడా. ఆ జారుడు దగ్గరే నూనె గొడవ మొదలవుతుంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. విప్పేముందు చెవితో విచారణ జరగాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడే కూత వస్తే పళ్ళ ముందు ముఖం అరిగిందనుకోవాలి. కాలు తీసినప్పుడే వస్తే వెనక ముఖంలోనో, పినియన్ బేరింగుల్లోనో లోపం. ఎప్పుడూ ఒకే తీరుగా గర్రుమంటూ, బండి ఓ పక్కకు ఒరిగినప్పుడు మారే శబ్దం చక్రం బేరింగుది. మలుపులోనే వినిపిస్తే స్టార్ పినియన్లది. క్లచ్చు వదలగానే టక్కుమని కొడితే, హౌసింగ్ జోలికి పోకముందే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు చూడాలి. చాలాసార్లు రోగం అక్కడే ఉంటుంది, చికిత్స మాత్రం హౌసింగ్‌కు జరుగుతుంది.

బండిని చదునైన సిమెంటు నేల మీద పెట్టాలి. ముందు చక్రాలకు రెండువైపులా అడ్డు దిమ్మలు పెట్టాలి. ఛాసిస్ కింద గట్టి ఇనుప స్టాండ్లు వేయాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇటుకల మీద బండి నిలబెట్టి దాని కిందికి దూరడం ఎంతమంది చేసినా సరే, తప్పే. పాత బండ్ల బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ములు ఊడదీసినప్పుడు లోపలి దుమ్మును ఊదకుండా తడి గుడ్డతో తుడవాలి.

వెనక మూత తీసి నూనె వంచేటప్పుడు దాన్ని పారబోయకండి, చూడండి. వేళ్ళకు బూడిదరంగు మెత్తని పేస్టులా అంటుకుంటే అది మామూలు అరుగుదల. చెక్కుల్లా ఇనుప ముక్కలు తగిలితే పళ్ళు పోతున్నట్టు. రాగిరంగు మెరుపు కనిపిస్తే వాషర్ల వంక చూడాలి.

ఆ తర్వాత చాలామంది దాటేసే మెట్టు ఒకటుంది. విప్పకముందే పాత గేర్ల కొలతలు తీసుకోవాలి. క్రౌన్‌కు ఎంత ఆట, అంటే వదులు కదలిక, ఉంది, పళ్ళు ఎక్కడ తగులుతున్నాయి, ఏ వైపు ఎన్ని షిమ్‌లు ఉన్నాయి, అన్నీ పుస్తకంలో రాసుకోవాలి. షిమ్ అంటే సందు పూరించడానికి వేసే పలుచని ఉక్కు రేకు. బేరింగు క్యాపుల మీద పంచితో చుక్కలు కొట్టాలి. ఎడమది ఎడమకే, తలకిందులు కాకుండా తిరిగి రావాలి. ఎందుకంటే ఆ క్యాపుల లోపలి గుండ్రం హౌసింగ్‌కు బిగించి ఉండగానే కోసింది. ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని ఫ్లాంజి ఎలా కలిసి ఉన్నాయో గుర్తు పెట్టాలి. ఎడమ షిమ్‌లు, కుడి షిమ్‌లు వేర్వేరు కవర్లలో వేయాలి. ఇరుసు షాఫ్ట్‌లు లాగాక క్రౌన్ మోసే కేసును బయటికి తీస్తాం. ఈ రకం ఇరుసులో అది బేరింగుల మధ్య బిగువుగా ఇరుక్కుని ఉంటుంది. హౌసింగ్‌ను కాస్త వెడల్పు చేసే స్ప్రెడర్ అనే పరికరం వాడతారు. ఆ వెడల్పు అంగుళంలో పదిహేను ఇరవై వేల వంతులు దాటకూడదు. దాటితే పోతపోసిన హౌసింగ్ మళ్ళీ తన కొలతకు రాదు.

అంబాసిడర్ వాళ్ళకు ఇక్కడ ఓ సుఖముంది. ఆ కారు ఇరుసు వేరే రకం. ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపున్న ముందరి ముక్క బోల్టులు తీస్తే క్రౌన్, పినియన్, బేరింగులతో సహా ఒక్కటిగా ఊడి బల్ల మీదికి వచ్చేస్తుంది. బండి కింద పడుకుని కొలవాల్సిన బాధ లేదు. బల్ల మీద సరిచేసుకుని తిరిగి బిగించుకోవచ్చు. ఇంటి దగ్గర మొదటిసారి చేసేవాళ్ళు అలాంటి ఇరుసుతో మొదలుపెట్టడం మేలు.

ఇప్పుడు అసలు పని. కొత్త జంట పెట్టేటప్పుడు నాలుగు సంగతులు కుదరాలి: పినియన్ లోతు, పినియన్ బేరింగుల బిగువు, క్రౌన్, పినియన్ పళ్ళ మధ్య ఆట, పళ్ళు తగిలే చోటు. ఇవి నాలుగూ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి జరిపితే మిగతావి కదులుతాయి.

మొదటిది పినియన్ లోతు. పినియన్ క్రౌన్ వైపు ఎంత లోపలికి పోవాలన్నది లోపలి బేరింగు కప్పు వెనక వేసే షిమ్ నిర్ణయిస్తుంది. అంగుళంలో వెయ్యో వంతును మన ఫిట్టర్లు థౌ అంటారు. మనిషి వెంట్రుక మందం రమారమి మూడు థౌలు. ఇక్కడ లెక్కంతా ఆ వెంట్రుకవాసిలోనే. పినియన్ తల మీద చాలాసార్లు ప్లస్, మైనస్ గుర్తుతో ఓ అంకె చెక్కి ఉంటుంది. పాత పినియన్ మీద ప్లస్ రెండు, కొత్తదాని మీద మైనస్ ఒకటి ఉంటే తేడా మూడు. పాత షిమ్‌కు మూడు థౌలు కలిపి మొదలుపెట్టాలి. ఇది మొదలుపెట్టడానికే. అంతిమ తీర్పు పళ్ళు చెప్పాలి.

రెండోది పినియన్ బేరింగుల బిగువు. పినియన్‌ను రెండు టేపరు బేరింగులు పట్టుకుంటాయి. వదులైతే పినియన్ ముందుకూ వెనక్కీ ఊగుతుంది. మరీ బిగిస్తే బేరింగులు కాలిపోతాయి. కొత్త బేరింగులతో పినియన్‌ను నిదానంగా తిప్పడానికి సాధారణంగా 15 నుంచి 30 అంగుళ పౌండ్లు, అంటే సుమారు 17 నుంచి 35 కిలో సెంటీమీటర్ల బలం పట్టాలి. పాత బేరింగులే అయితే అందులో దాదాపు సగం. కచ్చితమైన అంకె బండి మాన్యువల్‌లో చూడాలి. దీనికి టక్కుమనే టార్క్ రెంచి పనికిరాదు. తిరుగుతూ ఉండగా ముల్లుతో అంకె చూపేది కావాలి. అది లేకపోతే ఇంటి ఉపాయం ఉంది. ఫ్లాంజి చుట్టూ గట్టి దారం చుట్టి, స్ప్రింగు త్రాసుతో లాగి, తిరుగుతున్నప్పుడు త్రాసు ఎన్ని కిలోలు చూపుతుందో చదవాలి. ఫ్లాంజి వ్యాసార్ధం ఐదు సెంటీమీటర్లు, త్రాసు చూపింది ఐదు కిలోలు అయితే, బిగువు ఇరవై ఐదు కిలో సెంటీమీటర్లు. ఆయిల్ సీలు వేయకముందే ఇది కొలవాలి, సీలు రాపిడి లెక్కలో కలవకూడదు.

పాత డానా ఇరుసుల్లో ఈ బిగువును కూడా షిమ్‌లతోనే సరిచేస్తారు. తప్పితే విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. చాలా ఇతర ఇరుసుల్లో రెండు బేరింగుల మధ్య నలిగే గొట్టం ఒకటి ఉంటుంది. నట్టు బిగిస్తూ పోతే అది నలుగుతూ బిగువు వస్తుంది. నలగడం మొదలవ్వాలంటే పెద్ద బలం, పొడుగాటి బారు కావాలి. నలగడం మొదలయ్యాక నట్టు వెంట్రుకవాసి తిప్పినా అంకె ఎగిరి పడుతుంది. హద్దు దాటితే నట్టు వెనక్కి తిప్పితే సరిపోదు, కొత్త గొట్టం తెచ్చుకోవాల్సిందే. అందుకే అనుభవజ్ఞులు ఒక గొట్టం అదనంగా కొని దగ్గర పెట్టుకుంటారు.

మూడోది ఆట. పినియన్‌ను కదలనివ్వకుండా పట్టుకుని క్రౌన్‌ను అటూ ఇటూ ఊపితే పళ్ళ మధ్య కొద్దిపాటి కదలిక ఉండాలి. అయస్కాంతపు స్టాండుకు డయల్ గేజి బిగించి, దాని ముల్లును క్రౌన్ పంటికి నిటారుగా ఆనించి చదువుతారు. ఇలాంటి ఇరుసుల్లో ఐదు నుంచి పది థౌల మధ్య ఉంటుంది. ఆట బొత్తిగా లేకపోతే వేడెక్కి పట్టేస్తాయి. ఎక్కువైతే క్లచ్చు వదిలినప్పుడల్లా పళ్ళు ఒకదాన్నొకటి కొడతాయి. క్రౌన్ చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలవాలి. ఒకచోట ఐదు, ఇంకోచోట పది వచ్చిందంటే క్రౌన్ తన కేసు మీద సరిగా కూర్చోలేదు. కింద ఎక్కడో చిన్న ఇనుప మొలక, మట్టి రేణువు ఇరుక్కుంది. విప్పి, నూనె రాయితో సాపు చేసి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఆట తగ్గించాలంటే ఒకవైపు షిమ్ తీసి రెండోవైపు వేయాలి. మొత్తం షిమ్‌ల మందం మాత్రం మారకూడదు. క్రౌన్ మూడు థౌలు పక్కకు జరిగితే ఆటలో రెండు థౌలు మారతాయని ఓ మోటు లెక్క. కేసు బేరింగులకు బిగువు కోసం చివర్లో రెండువైపులా మాన్యువల్ చెప్పినంత అదనపు షిమ్ వేస్తారు.

నాలుగోది పళ్ళు తగిలే చోటు. మిగతా మూడూ మనం పెట్టే అంకెలు, ఇది పళ్ళు ఇచ్చే సాక్ష్యం. క్రౌన్ పళ్ళలో మూడు నాలుగింటికి రంగు పూస్తారు. ఒకప్పుడు మన ఫిట్టర్లు సిందూరం నూనెలో కలిపి పూసేవారు. అందులో సీసం ఉంటుంది కనుక అది ఇప్పుడు వద్దు. ప్రష్యన్ బ్లూ ట్యూబు, పసుపురంగు గేర్ పేస్టు బజారులో దొరుకుతాయి. రంగు పూశాక క్రౌన్‌కు చెక్కముక్కతో కాస్త బరువు ఆనించి, పినియన్‌ను రెండువైపులా తిప్పాలి. ఊరికే తిప్పితే గుర్తు సరిగా పడదు.

రేడియోలో బొమ్మ చూపలేను కాబట్టి మాటల్లో చెప్తాను. పంటి ఎత్తులో పైకొన, అడుగు అని రెండు హద్దులు. పొడవులో లోపలి చివర టో, బయటి లావు చివర హీల్. రంగు చెరిగిన మచ్చ పైకొనకూ అడుగుకూ మధ్యలో ఉండాలి. పొడవులో దాదాపు నడిమధ్యన, టో వైపు కాస్త మొగ్గినా తప్పులేదు. మచ్చ అడుగుకు దిగిపోయిందంటే పినియన్ మరీ లోపలికి వచ్చింది, షిమ్ తగ్గించాలి. పైకొనకు పాకిందంటే పినియన్ దూరంగా ఉంది, షిమ్ పెంచాలి. మచ్చ టోకో హీల్‌కో పోయిందంటే ముందు ఆటను సరిచూడాలి. మచ్చను ఎత్తులో జరిపేది ప్రధానంగా పినియన్ లోతు, పొడవులో జరిపేది ప్రధానంగా ఆట. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చీకట్లో తడుముకోనక్కర్లేదు.

ఒక్కసారికే కుదరడం అరుదు. పినియన్ బయటికి తీయాలి, బేరింగు కప్పు కొట్టాలి, షిమ్ మార్చాలి, మళ్ళీ బిగించాలి, మళ్ళీ కొలవాలి. ఓపిక నశించేది ఇక్కడే. బజారు వర్క్‌షాపులో గంట గంటకూ ఖరీదు ఉంటుంది, వెనక ఇంకో బండి కాచుకుని ఉంటుంది. "పర్లేదు సార్, నడుస్తుంటే అదే సర్దుకుంటుంది" అనే మాట పుట్టేది ఆ తొందరలోంచే. హైపాయిడ్ పళ్ళు సర్దుకోవు. గట్టిపరిచిన పై పొర పలుచనిది. తప్పుచోట తగిలితే ఆ పొర పెచ్చులూడిపోతుంది. ఇంటి దగ్గర చేసేవాడికి వర్క్‌షాపులో లేని ఆస్తి ఒకటుంది, తీరిక. రంగు పూయడం ఐదోసారైనా, ఆరోసారైనా అడిగేవాళ్ళు లేరు. ఆ తీరికను వాడుకోదలచనివాడు ఇంటి దగ్గర ఈ పని పెట్టుకుని లాభం లేదు.

అలాగే ఇంట్లో లేనివేమిటో కూడా ఒప్పుకోవాలి. బేరింగులు ఎక్కించడానికి, ఊడదీయడానికి హైడ్రాలిక్ ప్రెస్ కావాలి. వాటిని సుత్తితో కొడితే కొత్త బేరింగు పుట్టకముందే చచ్చినట్టు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ప్రెస్ ఉన్న షెడ్లు, లేత్ పట్టేవాళ్ళు దండిగా ఉన్నారు. పినియన్, కేసు గుడ్డలో చుట్టి తీసుకెళ్తే బేరింగులు ఎక్కించి ఇస్తారు. నా సలహా పనిని ఇలా పంచుకోమని: విప్పడం, కడగడం, కొలవడం, సరిచూడడం ఇంట్లో, ప్రెస్ పని షెడ్డులో. ఒక్కరే ఉండి ఈ పనికి దిగవద్దు. క్రౌన్‌తో కూడిన కేసు బరువైనది, దాని అంచులు వేళ్ళను వదలవు. ఎత్తేటప్పుడు రెండో మనిషి ఉండాలి.

బిగింపు అయ్యాక నూనె. హైపాయిడ్ పళ్ళు జారేటప్పుడు వాటి మధ్య మామూలు నూనె పొర నిలవదు. గంధకం, భాస్వరం కలిసిన మందులున్న నూనె లోహం మీద రసాయన పొర ఒకటి కట్టి పళ్ళను కాపాడుతుంది. డబ్బా మూత తీయగానే కొట్టే ఘాటైన వాసన దానిదే. డబ్బా మీద జీఎల్-5 అని ఉండాలి, చిక్కదనం మాన్యువల్ చెప్పినట్టు. జీఎల్-4 ఉన్నది గేరుబాక్సులకు, ఇక్కడికి పనికిరాదు. ఎడ్లబండి ఇరుసుకు కందెన ఏదైనా నడిచింది, ఈ ఇరుసుకు నడవదు.

కొత్త పళ్ళకు మొదటి రోజులు ముఖ్యం. తొలి ప్రయాణం పదిహేను, ఇరవై నిమిషాలు నెమ్మదిగా నడిపి, బండి ఆపి, ఇరుసు పూర్తిగా చల్లారనివ్వాలి. ఇలా రెండు మూడుసార్లు చేయాలి. మొదటి ఎనిమిది వందల కిలోమీటర్లు ట్రాలీ లాగడం, బరువు వేయడం, పరుగు తీయడం వద్దు. ఆ తర్వాత నూనె మార్చేయాలి. కొత్త పళ్ళు వదిలిన సన్నటి ఇనుప పొడి అందులోనే ఉంటుంది. నడిపాక ఇరుసు వెచ్చగా ఉండడం సహజం. చేయి ఆనించలేనంత మండుతుంటే బిగువు ఎక్కువైందనుకుని విప్పి చూడాలి.

ఇంతకీ ఇంటి దగ్గర చేసుకోవచ్చా? నా జవాబు ఇది. మూత మూసేముందు ఓ కాగితం మీద నాలుగు రాయండి. పినియన్ షిమ్ ఎంత, బేరింగు బిగువు ఎంత, ఆట ఎంత, అది ఎన్ని చోట్ల కొలిస్తే అంతే వచ్చింది. నాలుగోదైన రంగు మచ్చకు అంకె ఉండదు, దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. ఈ నాలుగూ నిజాయితీగా రాయగలిగితే ఆ పని మీ ఇంట్లో జరిగినా, పెద్ద వర్క్‌షాపులో జరిగినా ఒకటే. రాయలేకపోతే మూత వేయవద్దు. అది మీకు కుదిరే పని కాదనుకుంటే బండిని మెకానిక్‌కే ఇవ్వండి. కానీ ఆ కాగితాన్ని ఆయన్ని కూడా అడగండి. "ఆట ఎంత పెట్టావు నాయనా, రంగు మచ్చ చూపించు" అని అడిగితే మంచి పనివాడు కోప్పడడు. డయల్ గేజి తీసి చూపిస్తాడు. తడుముకున్నవాడికి బండి తాళం ఇవ్వకండి.